ఎంత పలచనిదైనా ఎన్ని మడతలు? సగానికి సగం మడిచే హద్దును ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి

కాజూ కత్లీ మీద అంటించిన వెండి రేకును, అదే మన వరఖ్‌ను, వేలితో తాకి చూడండి. వేలికి అతుక్కుపోతుందే తప్ప చేతికి ఏదో తగిలినట్టే ఉండదు. అంత పలచనిదాన్ని ఎన్నిసార్లయినా మడవొచ్చు కదా అనిపిస్తుంది. కానీ నాలుగంగుళాల చదరపు రేకు తీసుకుని సగానికి సగం మడుస్తూ పోతే పన్నెండో మడత దగ్గర ఆగిపోవాల్సిందే. మామూలు ఏ4 కాగితానికి ఏడు మడతలు. వరఖ్ దానికంటే మూడువందల రెట్లకు పైగా పలచన. అయినా అదనంగా వచ్చింది ఐదు మడతలే.

ఈ లెక్క నన్ను చాలాకాలంగా పట్టుకుని వదలడం లేదు. మా అపార్ట్‌మెంటు వరండాలో మేనల్లుడితో కలిసి టిష్యూ రోళ్లు పరిచి, కొలిచి, మడిచి చూశాను. ఆ అనుభవంతోనే ఇది వరసగా రాస్తున్నాను. కావలసినవి స్కేలు, కొలత టేపు, వంటింటి తూకం, కాసింత ఓపిక.

ముందు ఒక కట్టుబాటు

ఏది మడత అని ముందే ఒప్పుకోకపోతే మధ్యలో పేచీ వస్తుంది. ప్రతిసారీ ఉన్నదాన్ని సరిగ్గా సగానికి తెచ్చి, రెండు సగాలూ ఒకదాని మీద ఒకటి పడాలి. ఒక మడతకు రెండు పొరలు, రెండు మడతలకు నాలుగు, మూడింటికి ఎనిమిది. ఏడింటికి 128, పన్నెండింటికి 4,096. ఆఖర్న కట్టలో ఎక్కడో ఒకచోట అన్ని పొరలూ ఒకే వరసలో నిలిచి ఉండాలి. అంచు వంగింది కదా అని మడత కింద లెక్క కట్టకూడదు. విసనకర్రలా కుచ్చిళ్లు పెట్టడం వేరు, ఇది వేరు.

అసలు కాగితం ఎటు పోతుంది?

ఇక్కడ కాసేపు ఆగుదాం. ఇది అర్థమైతే మిగతాదంతా లెక్కే.

చాలామంది మడత పడకపోవడానికి చేతి బలం చాలకపోవడమే కారణమనుకుంటారు. అది సగం నిజం. అసలు కారణం, మడత పడే ప్రతిచోటా కాగితం కొంత వంపులోకి పోతుంది. ఒక పొరను మడిస్తే వంపులో ఖర్చయ్యేది చాలా చిన్న అర్ధవృత్తం. దాని పొడవు మందానికి 3.14 రెట్లు. దీన్ని "ఒక పాలు" అనుకోండి. రెండో మడతలో రెండు పొరలు వంగుతాయి. లోపలిది ఒక పాలు తింటే, దాని మీదుగా తిరగాల్సిన బయటిది రెండు పాళ్లు తింటుంది. మొత్తం మూడు. మూడో మడతలో నాలుగు పొరలు: ఒకటి, రెండు, మూడు, నాలుగు, కలిపితే పది. నాలుగో మడతలో ఎనిమిది పొరలు: ఒకటి నుంచి ఎనిమిది దాకా కూడితే ముప్ఫై ఆరు.

ఇప్పుడు మొత్తం చూడండి. ఒక మడతకు 1 పాలు, రెండింటికి 4, మూడింటికి 14, నాలుగింటికి 50, అయిదింటికి 186. వచ్చే ప్రతి మడతకూ ఖర్చు ఇంచుమించు నాలుగు రెట్లవుతోంది. వంపులు తినేసిన పొడవు మీ దగ్గరున్న మొత్తం పొడవును మించిందంటే ఇక మడవడానికి చదునైన భాగమే మిగలదు. కండబలం ఉన్నా చేసేదేమీ లేదు.

ఒక ఏ4 కాగితాన్ని పొడవు వైపే ఆరుసార్లు మడవండి. పొడవు 297 మిల్లీమీటర్లు కదా, 64 పొరలకు పంచితే కట్ట పొడవు నాలుగున్నర మిల్లీమీటర్లు. ఎత్తు ఆరున్నర దాకా వస్తుంది. అంటే పొడవు కంటే ఎత్తే ఎక్కువ. దాన్ని పక్కనుంచి వెలుగులో పట్టుకుని చూడండి. ఒకవైపు పొరలన్నీ ఉల్లిపాయ అడ్డకోతలా ఒకదాన్నొకటి చుట్టుకుని కనిపిస్తాయి. రెండోవైపు అంచులు సమంగా ఉండవు, లోపలి పొర ముందుకు పొడుచుకొచ్చి, బయటి పొర వెనక్కి తగ్గి, మెట్లు దిగినట్టు ఉంటుంది. ఆ మెట్లే వంపు మింగిన కాగితం. నోటి లెక్కకు ఇది గుర్తుపెట్టుకుంటే చాలు: ఒకే దిశలో మడిచేటప్పుడు కట్ట పొడవు దాని ఎత్తులో సగానికి పడిపోయిందంటే అదే ఆఖరి మడత.

మొదటి మెట్టు: మందం కొలవండి

ఒక్క కాగితం మందాన్ని స్కేలుతో కొలవలేం. అందుకే కట్టగా కొలిచి భాగించాలి. 500 కాగితాల రీము సుమారు 5 సెంటీమీటర్ల ఎత్తుంటుంది, అంటే ఒక్కోటి 0.1 మిల్లీమీటరు. టిష్యూ లాంటి మెత్తనివాటికి ఇంకో జాగ్రత్త కావాలి. ఆరుసార్లు మడిచి 64 పొరలు చేసి, పైన ఒక బరువైన పుస్తకం పెట్టి అప్పుడు కొలవండి. నొక్కకుండా కొలిస్తే గాలిని కూడా కలిపి కొలిచినట్టే. మేం కొన్న రెండు పొరల టిష్యూ ఇలా కొలిస్తే 64 మడత పొరలకు 10 మిల్లీమీటర్లు తేలింది. ఒక్కోటి 0.16 మిల్లీమీటరు.

మరీ పలచనివాటికి కొలతకన్నా తూకం నయం. చదరపు మీటరు బరువును గ్రాముల్లో తీసుకుని ఆ పదార్థం సాంద్రతతో భాగిస్తే మందం నేరుగా మైక్రాన్లలో వస్తుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన ఆహార భద్రతా నిబంధనల ప్రకారం తినే వెండి రేకు చదరపు మీటరుకు 2.8 గ్రాములకు మించకూడదు. వెండి సాంద్రత ఘన సెంటీమీటరుకు 10.5 గ్రాములు. భాగిస్తే 0.27 మైక్రాన్. తూకంతో ఇంత సూక్ష్మమైన కొలత తేలడం నాకు ఎప్పుడూ అబ్బురంగానే ఉంటుంది.

రెండో మెట్టు: కాగితం ముట్టుకోకముందే జవాబు రాసుకోండి

ఒకే దిశలో మడిచేటప్పుడు కావలసిన కనీస పొడవుకు సూత్రం ఇది:

పొడవు = 3.14 × మందం × (పొరలు + 4) × (పొరలు − 1) ÷ 6

పొరలు అంటే ఆఖరి మడత తర్వాత ఉండే పొరల సంఖ్య. పైన మనం పాళ్లుగా కూడుకుంటూ వచ్చిన 1, 4, 14, 50 ఈ సూత్రంలోంచే వస్తాయి, వేసి చూసుకోండి. దీన్ని కనిపెట్టింది కాలిఫోర్నియాలోని పొమోనాకు చెందిన బ్రిట్నీ గాలివన్. అప్పటికి ఆమె హైస్కూలు విద్యార్థిని. లెక్కల తరగతిలో దేన్నయినా పన్నెండుసార్లు మడిస్తే అదనపు మార్కులన్నారు. ఆమె 0.28 మైక్రాన్ల బంగారు రేకును మడిచి చూపించింది. అయితే కాగితాన్నే మడవాలన్నారు. అప్పుడామె ఏ మందానికి ఎంత పొడవు కావాలో సూత్రం కట్టి, 2002 జనవరిలో దాదాపు 1,200 మీటర్ల టాయిలెట్ పేపర్‌ను ఏడు గంటలపాటు శ్రమపడి పన్నెండుసార్లు మడిచింది. అప్పటిదాకా ఏడో ఎనిమిదో మించదని అందరూ ఖాయంగా చెప్పిన పని అది.

0.1 మిల్లీమీటరు కాగితానికి సూత్రం వేస్తే ఇలా వస్తుంది:

6 మడతలకు 22 సెంటీమీటర్లు
7 మడతలకు 88 సెంటీమీటర్లు
8 మడతలకు మూడున్నర మీటర్లు
9 మడతలకు దాదాపు 14 మీటర్లు
10 మడతలకు 55 మీటర్లు
11 మడతలకు 220 మీటర్లు
12 మడతలకు 880 మీటర్లు

మీ వస్తువు మందం ఇందులో సగమైతే పొడవులన్నీ సగమవుతాయి, అంతే. ఒక్క మడత పెరగాలంటే మాత్రం మందం నాలుగో వంతుకు దిగాలి.

మూడో మెట్టు: పట్టీనా, షీటా?

పొడవాటి పట్టీని ఒకే దిశలో మడవడం ఒక పద్ధతి. చదరపు షీటును ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా తిప్పుతూ మడవడం రెండోది. రెండో పద్ధతికి గాలివన్ ఇచ్చిన లెక్కలో చదరం భుజం మందానికి 3.14 రెట్లు, దానికి మళ్లీ ఏడు మడతలకైతే 512 రెట్లు, ఎనిమిదికి 1,448, తొమ్మిదికి 4,096, పన్నెండుకు 92,682 రెట్లు కావాలి. 0.1 మిల్లీమీటరు కాగితంలో ఏడు మడతలకు 16 సెంటీమీటర్ల చదరం చాలు, ఎనిమిదికి 45 సెంటీమీటర్లు. ఏ4 ఈ రెండింటి మధ్య పడుతుంది. ఏడు దాటదనే పాత మాటకు మూలం అదే. మాట తప్పు కాదు, చేతిలో ఉన్న కాగితం సైజు అంతే.

షీటు పద్ధతిలో ఒక్కో మడతకు భుజం 2.83 రెట్లు పెరగాలి. అంటే విస్తీర్ణం ఎనిమిది రెట్లు. పట్టీకి నాలుగు రెట్లే. చిన్న షీటు చేతిలో ఉంటే తిప్పి మడవండి. రికార్డు కోసమైతే పట్టీ పట్టుకోండి. 2007లో మిత్‌బస్టర్స్ టీవీ కార్యక్రమం వాళ్లు ఫుట్‌బాల్ మైదానమంత కాగితాన్ని తిప్పి తిప్పి మడిచారు. రోడ్డు రోలరూ ఫోర్క్‌లిఫ్టూ పెట్టినా పదకొండు దగ్గర ఆగారు. గాలివన్ టాయిలెట్ పేపర్‌తో పన్నెండుకు చేరింది. తర్వాత మసాచుసెట్స్‌లోని సెయింట్ మార్క్స్ స్కూల్ విద్యార్థులు ఎంఐటీలోని పొడవాటి వరండాలో అదే టాయిలెట్ పేపర్‌తో పదమూడు చూపించారు.

నాలుగో మెట్టు: టిష్యూ రోలుతో చేసి చూడండి

రోలు కవరు మీద షీట్ల సంఖ్య, ఒక్కో షీటు పొడవు ఉంటాయి. గుణిస్తే మొత్తం పొడవు. మాకు 16 మీటర్లు వచ్చింది. 0.16 మిల్లీమీటరు మందానికి ఎనిమిది మడతలకు ఐదున్నర మీటర్లు, తొమ్మిదికి 22 మీటర్లు కావాలి. అంటే ఒక రోలుతో ఎనిమిది, రెండు రోళ్లు అతికిస్తే తొమ్మిది. ఇది ముందే గోడ మీద కాగితం అంటించి రాసుకున్నాం.

నేలను పొడి గుడ్డతో తుడవండి. తడి ఉంటే టిష్యూ అతుక్కుని చినుగుతుంది. ఫ్యాన్లు ఆపండి, కిటికీలు మూయండి. రోలు విప్పేటప్పుడు లాగొద్దు, దొర్లించండి. లాగితే చిల్లుల గీత దగ్గర తెగుతుంది. మొదటిసారి మాకు ఆరో మడతలో తెగింది, ఎందుకంటే మడత సరిగ్గా ఒక చిల్లుల గీత మీదే పడింది. రెండోసారి ముందుగానే మధ్య, పావు, అరపావు గుర్తులు పెన్సిల్‌తో పెట్టుకుని, గీత తగిలినచోట మొత్తం పట్టీని కొన్ని సెంటీమీటర్లు పక్కకు జరిపి, చివర మిగిలింది కత్తిరించేశాం. రెండు రోళ్లు అతికించేటప్పుడు కూడా అతుకు ఏ మడత మీదా పడకూడదు. అతుకుకు సన్నని టేపు ముక్క ఒక్కటి చాలు, అది కూడా మందమే కదా.

మొదటి నాలుగు మడతలకు ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు ఒక చివర పట్టుకుని నడిచి రావాలి, ఇంకొకరు మధ్య గుర్తు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని వంపును అరచేత్తో సర్దుతుండాలి. ప్రతి మడత తర్వాత మధ్య నుంచి చివరికి అరచేత్తో నెమ్మదిగా రాస్తూ గాలి పోగొట్టండి. ఇది చిన్న పనిలా ఉంటుంది కానీ ఆఖరి మడత వస్తుందా రాదా అన్నది ఇక్కడే తేలిపోతుంది. అయిదో మడత నుంచి వంపును గోటితో నొక్కి పదును చేయకండి. పదును చేస్తే బయటి పొరలు చినుగుతాయి. గుండ్రంగా ఉండనిచ్చి, పొరలు జారి తమ చోటికి తాము సర్దుకునే వీలు ఇవ్వండి. చివరి రెండు మడతలకు కట్టను పక్కనుంచి పట్టుకోవాలి, లేదంటే ఎత్తు పెరిగి పక్కకు ఒరుగుతుంది. మాకు ఒక రోలుతో ఎనిమిది వచ్చింది. కట్ట 6 సెంటీమీటర్ల పొడవు, నాలుగు సెంటీమీటర్ల ఎత్తు. మావాడు దాన్ని రబ్బరు బ్యాండుతో కట్టి ఇప్పటికీ అలమరలో పెట్టుకున్నాడు.

ఇంట్లో దొరికే ఇంకొన్ని

వంటింటి అల్యూమినియం ఫాయిల్ సాధారణంగా 11 మైక్రాన్లు. 30 సెంటీమీటర్ల చదరాన్ని తిప్పి మడిస్తే లెక్క ప్రకారం తొమ్మిది రావాలి, పదికి 40 సెంటీమీటర్లు ఉండాలి. చేతితో మాత్రం ఎనిమిదే కష్టం. ఫాయిల్ మడత దగ్గర గట్టిపడి, పొరలు జారవు. ఒకసారి ముడత పడిందంటే ఆ ముడత కూడా మందంలో కలిసిపోతుంది.

పాత పాటల క్యాసెట్ అటక మీద ఉంటే కిందికి దించండి. 90 నిమిషాల క్యాసెట్‌లో ఒక వైపు 45 నిమిషాలు. టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు కదులుతుంది, కాబట్టి పొడవు 128 మీటర్లకు తక్కువ ఉండదు. మందం సుమారు 12 మైక్రాన్లు. సూత్రంలో వేయండి: పన్నెండు మడతలకు 106 మీటర్లు చాలు! కాగితం మీద గాలివన్ రికార్డు మీ అటక మీదే ఉందన్నమాట. కానీ ఆ కట్ట మూడు సెంటీమీటర్ల పొడవు, అయిదు సెంటీమీటర్ల ఎత్తు, నాలుగు మిల్లీమీటర్లైనా లేని వెడల్పుతో ఉంటుంది. అగ్గిపుల్లను నిలబెట్టినంత కష్టం. సూత్రంలో వెడల్పు లేదు, చేతిలో మాత్రం ఉంటుంది. నేను తొమ్మిదితో ఆపాను.

వరఖ్‌తో చేసేవాళ్లకు

హైదరాబాద్ పాతబస్తీలో వరఖ్ దొరుకుతుంది. కాగితాల మధ్య పెట్టి అమ్ముతారు, ఆ కాగితంతోనే పట్టుకోవాలి. ఏసీ, ఫ్యాను రెండూ ఆపాలి. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకోండి, ఊపిరికే ఎగిరిపోతుంది. చేతులకు టాల్కం పౌడర్ రాసుకుంటే చెమ్మకు అంటుకోదు. మెత్తటి బ్రష్‌తో అంచును లేపి, కింది కాగితాన్నే మడిచి రేకును దాని మీద పడేలా చేయాలి. నేరుగా వేలితో మడిస్తే ఒక్క మడత కూడా దక్కదు.

ఇంత పలచన దగ్గర వంపు లెక్కకన్నా ముందే ఇంకో అడ్డు వస్తుంది. శుభ్రమైన లోహపు పొరలు రెండు తాకితే విడిపోవు, అతుక్కుపోతాయి. ఒకసారి వంకరగా పడిందంటే సర్దే అవకాశం లేదు. అందుకే మొదటి మూడు మడతలు నిదానంగా, ఒక్క తూరికే సరిగ్గా పడాలి.

విరిగేవాటికి లెక్క వేరు

ఆత్రేయపురం పూతరేకు కూడా పలచనిదే, కానీ ఆరిన రేకును మడిస్తే ఒక్క మడతకే పెళుసుగా విరుగుతుంది. పొడవు చాలక కాదు, వంపు బయటి వైపు సాగలేక. అందుకే చుట్టేవాళ్లు తడి గుడ్డతో రేకుకు కాస్త చెమ్మ తగిలిస్తారు, ఆ చెమ్మకు రేకు మెత్తబడి నెయ్యీ చక్కెరా పెట్టి మడవడానికి లొంగుతుంది. మీరు మడవబోయేది ఏదైనా ముందు ఒక మూల చిన్న ముక్క మడిచి చూడండి. బీట తీస్తే పై సూత్రాలతో పని లేదు.

పలచదనానికి ఆఖరి గడప

గ్రాఫీన్ ఒకే ఒక్క పరమాణువు మందం ఉన్న కర్బనపు పొర. దీన్ని 2004లో మాంచెస్టర్‌లో గైమ్, నోవోసెలోవ్ విడదీశారు. 2010లో నోబెల్ అందుకున్నారు. మందం 0.335 నానోమీటర్లు, అంటే మన ఏ4 కాగితంలో మూడు లక్షలో వంతు. ఒక మీటరు గ్రాఫీన్ పట్టీ దొరికిందనుకుని, అతుక్కోకుండా మడత పడుతుందనుకుని సూత్రం వేస్తే పదహారు మడతలు. పదిహేడుకు మూడు మీటర్లు కావాలి. అదే మీటరు పొడవు కాగితానికి ఏడు. మూడు లక్షల రెట్లు పలచబడితే తొమ్మిది మడతలు వచ్చాయి. ఇంతకన్నా పలచనిది లేదు కాబట్టి ఆ తర్వాత పెంచగలిగేది పొడవే.

అగ్గిపెట్టెలో చీర

సిరిసిల్ల నేతన్న నల్ల పరంధాములు, ఆయన తర్వాత కొడుకు విజయ్ నేసిన అగ్గిపెట్టెలో పట్టే చీర గురించి మనందరం విన్నాం. దాన్ని కూడా ఇదే చూపుతో చూద్దాం. వాళ్లు ఎలా మడిచి పెడతారన్నది కాదు, సగానికి సగం మడుస్తూ పోతే ఏమవుతుందన్నది నా ప్రశ్న.

అయిదున్నర మీటర్ల పొడవును ఏడుసార్లు సగం చేస్తే 4.3 సెంటీమీటర్లు. 115 సెంటీమీటర్ల పన్నాను అయిదుసార్లు సగం చేస్తే 3.6 సెంటీమీటర్లు. అగ్గిపెట్టె లోపలి కొలత ఇంచుమించు అంతే. ఏడూ అయిదూ పన్నెండు మడతలు, 4,096 పొరలు. పెట్టె లోతు 12 మిల్లీమీటర్లు అనుకుంటే ఒక్కో పొరకు దక్కేది 3 మైక్రాన్లు. వంటింటి ఫాయిల్‌లో నాలుగో వంతు.

పట్టు పోగులో ఒక్క పోచ మందమే 10 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది. పడుగూ పేకా ఒకదాని మీద ఒకటి దాటేచోట ఇరవై. మరి మూడులో ఎలా ఇముడుతుంది? నేతలో పోగుల మధ్య ఖాళీ ఎక్కువ కాబట్టి. ఒక పొర పోగులు కింది పొర ఖాళీల్లో దిగి కూర్చుంటాయి. కాగితానికీ ఫాయిల్‌కూ లేని వెసులుబాటు ఇది. బట్టను లెక్కలో వేసేటప్పుడు ఒంటి పొర మందం పనికిరాదు, నొక్కిపెట్టిన కట్ట మందాన్ని పొరలతో భాగించి వేయాలి.

మీ ఇంట్లో ఉన్న అన్నిటికన్నా పలచటి చీరను తూకం వేసి చూడండి. మా అమ్మ జార్జెట్ చీర 350 గ్రాములు తూగింది. అగ్గిపెట్టె చీరను 20 ఘన సెంటీమీటర్లలో ఒక్క రవ్వ గాలి లేకుండా కుక్కినా, పట్టు సాంద్రత 1.3 కాబట్టి, అది 26 గ్రాములు దాటడానికి వీల్లేదు.